చిన్న క్లబ్బు చేతిలో పెద్ద ఆటగాడు

2008 వేసవి ముగిసే రోజుల్లో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతానికి చెందిన ఎబ్స్‌ఫ్లీట్ యునైటెడ్ అనే చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకి ఒక బేరం వచ్చింది. జాన్ అకిండే అనే పంతొమ్మిదేళ్ల ఫార్వర్డును బ్రిస్టల్ సిటీ అడిగింది. అప్పటికి ఎబ్స్‌ఫ్లీట్ ఆడేది ఐదో స్థాయి లీగులో, బ్రిస్టల్ సిటీ ఆడేది రెండో స్థాయిలో. పత్రికలు రాసిన ధర 1,40,000 పౌండ్లు. మామూలుగా ఇలాంటి బేరాన్ని ఛైర్మనూ మేనేజరూ తలుపేసుకుని తేల్చేస్తారు. ఇక్కడ ఆ వీలు లేదు. అంతకు కొన్ని నెలల ముందే, ఇంటర్నెట్‌లో పరిచయమైన వేలమంది తలా 35 పౌండ్లు వేసుకుని ఆ క్లబ్బును కొనేశారు. కాబట్టి కుర్రవాణ్ని అమ్మాలా వద్దా అన్నది వాళ్ల ఓటుకు వెళ్లింది. అకిండే పక్కనే ఉన్న గ్రేవ్‌జెండ్‌లో పుట్టినవాడు. అదే ఏడాది మే నెలలో క్లబ్బు వెంబ్లీలో ఎఫ్.ఏ. ట్రోఫీ గెలిచి మంచి ఊపు మీద ఉంది. అయినా సభ్యులు అమ్మేయమనే ఓటు వేశారు.

బ్రిస్టల్‌లో అకిండే నిలదొక్కుకోలేదు. అరువు మీద ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బుకు తిరిగి, చివరికి బార్నెట్‌లో కుదురుకున్నాడు. 2014–15లో 31 లీగు గోల్స్ కొట్టి ఆ జట్టును పై లీగుకు చేర్చాడు. పంతొమ్మిదేళ్ల వయసులో ఆటగాడికి కట్టే ధర ఎప్పుడూ ఒక ఊహే. ఆ ఊహలో తప్పితే చిన్న క్లబ్బుకు కోలుకోవడం కష్టం, పెద్ద క్లబ్బుకు అది పద్దుల్లో ఇంకో గీత. ఆ సభ్యుల ఓటును నేను తప్పు పట్టను. అయితే నన్ను ఆలోచింపజేసేది వేరే సంగతి. ఓటు వేసిన ఆ వేలమందికి నిజంగా ఎంత స్వేచ్ఛ ఉంది? ఆటగాణ్ని ఉంచుకునే హక్కు క్లబ్బు చేతిలోకి ఎలా వచ్చింది, ఎలా జారిపోయింది అన్నది చూస్తే తప్ప దీనికి జవాబు దొరకదు.

ఇంగ్లండ్‌లో డబ్బు తీసుకుని ఆడడాన్ని 1885లో అనుమతించారు, 1888లో పన్నెండు క్లబ్బులతో లీగు మొదలైంది. ధనిక క్లబ్బులు మంచి ఆటగాళ్లందరినీ ఎగరేసుకుపోతాయన్న భయంతో 1893లో ఒక నిబంధన తెచ్చారు. ఒప్పందం గడువు తీరినా సరే, పాత క్లబ్బు ఒప్పుకోనిదే ఆటగాడు వేరే జట్టుకు ఆడకూడదు. జీతం ఆపేసి కూడా అతన్ని కట్టిపడేయవచ్చు. 1901లో దీనికి తోడు వారానికి నాలుగు పౌండ్ల జీతపు పరిమితి వచ్చింది. చిన్న క్లబ్బుకు ఇంతకన్నా బలమైన కోట మళ్లీ ఎప్పుడూ దొరకలేదు. అయితే ఆ కోటను కట్టింది ఆటగాడి మెడ మీద. దీన్ని మరిచిపోయి పాత రోజుల విధేయత గురించి మురిసిపోవడం నాకు సమ్మతం కాదు. అప్పుడు ఆటగాళ్లు ఊరిని వదల్లేదంటే సగం కారణం, వదిలే దారి లేకపోవడమే.

కోట ఉన్నా అమ్మకాలు ఆగలేదు. ఉంచుకునే హక్కు ఉన్నచోటే అమ్ముకునే హక్కు కూడా పుడుతుంది కదా. 1905లో ఆల్ఫ్ కామన్‌ను సండర్లాండ్ నుంచి మిడిల్స్‌బరో 1,000 పౌండ్లకు కొంటే, మనుషుల్ని అమ్ముతారా అని దేశమంతా గగ్గోలు పెట్టింది. 1908లో బదిలీ రుసుముకు 350 పౌండ్ల హద్దు పెట్టి, కొద్ది నెలల్లోనే ఎత్తేశారు. 1928కల్లా బోల్టన్ నుంచి డేవిడ్ జాక్‌ను తీసుకోవడానికి ఆర్సెనల్ 10 వేల పౌండ్లు దాటి చెల్లించింది.

చిన్న క్లబ్బుకు ముందు నుయ్యి, వెనక గొయ్యి అయిన పరిస్థితిని నాకు అన్నిటికన్నా స్పష్టంగా చూపేది లీడ్స్ యునైటెడ్ కథ. 1956లో ఆ జట్టు మొదటి డివిజన్‌కు చేరింది. చేర్చినవాడు జాన్ చార్ల్స్. స్వాన్సీలో పుట్టిన భారీకాయుడు, వెనక డిఫెండరుగానూ ముందు ఫార్వర్డుగానూ ఒకే స్థాయిలో ఆడగలడు. ఆ సెప్టెంబరులో ఎలండ్ రోడ్ మైదానంలో పడమటి స్టాండు నిప్పంటుకుని కాలిపోయింది. బీమా సొమ్ము సరిపోలేదు. ఆ సీజనులోనే చార్ల్స్ 38 లీగు గోల్స్ కొట్టాడు. ఒకవైపు బూడిదైన స్టాండు, మరోవైపు ఐరోపాలో ఎవరైనా కోరుకునే ఆటగాడు. 1957లో జువెంటస్ 65,000 పౌండ్లు ఇచ్చి అతన్ని తీసుకుపోయింది. బ్రిటన్‌లో అంతకు ముందు ఏ ఆటగాడికీ అంత పలకలేదు. చార్ల్స్‌కు కూడా వెళ్లాలనే ఉంది. ఇంగ్లండ్‌లో సంతకానికి ముట్టేది 10 పౌండ్లయితే, టురిన్‌లో 10 వేలు. అలాంటి కుర్రవాణ్ని ఆపే నోరు ఎవరికుంటుంది?

స్టాండు మళ్లీ లేచింది. 1960లో లీడ్స్ రెండో డివిజన్‌కు జారింది. 1962లో చార్ల్స్‌ను వెనక్కి తెచ్చుకోవడానికి అదే క్లబ్బు 53,000 పౌండ్లు పెట్టింది. పదకొండు మ్యాచులు ఆడేసరికే అతను అక్కడ ఇమడలేకపోతున్నాడని తేలింది, 70,000 పౌండ్లకు రోమాకు అమ్మేశారు. మొదటి అమ్మకం తప్పా? కాదనే అంటాను. కాలిన స్టాండుతో, బక్కచిక్కిన ఖజానాతో క్లబ్బు నడవదు. తప్పు ఏమైనా ఉంటే ఆ డబ్బంతా కాంక్రీటులోకి వెళ్లి, అతను ఖాళీ చేసిన చోట నిలబడే మనిషి లేకుండా పోవడం. ఆ తర్వాతి డెబ్భై ఏళ్లలో బాగుపడిన చిన్న క్లబ్బులన్నీ ఈ ఒక్క విషయంలో జాగ్రత్త పడినవే.

అదే కాలంలో మన దగ్గర ఇంకో కథ నడిచింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ నీడలోనే ఎదిగి, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడి, 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులోని ముందు వరస ఆటగాళ్లలో అతనూ ఒకడు. ఆ జట్టు కోచ్ రహీం సాబే. కాగితం మీద భారత ఫుట్‌బాల్ అప్పుడు అమెచ్యూర్ ఆట. బదిలీ రుసుము అన్న మాటే లేదు. అంటే హైదరాబాద్‌కు అమ్మాలా వద్దా అన్న ప్రశ్నే ఎదురుకాలేదు. కలకత్తా పిలిచింది, కుర్రవాడు రైలెక్కాడు, తయారుచేసిన ఊరికి పైసా రాలేదు. బలరాం వెళ్లడాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. ఉద్యోగం, పేరు, పెద్ద మైదానాలు అన్నీ అక్కడే ఉన్నాయి. కానీ ఒక్కో ఆటగాడి మీద కొద్దిపాటి సొమ్మయినా తిరిగి వచ్చి ఉంటే, 1963లో రహీం పోయాక ఇక్కడి మైదానాలు అంత త్వరగా వెలవెలబోయేవి కావని నా గట్టి నమ్మకం. అమ్మకాన్ని అవమానంగా చూసేవాళ్లు, వట్టి చేతులతో పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో ఒకసారి హైదరాబాద్ వైపు చూసి తెలుసుకోవాలి.

అమ్మకుండా నిలబెట్టుకున్న క్లబ్బు ఒకటుంది. బ్రెజిల్‌లోని ఓడరేవు ఊరు శాంటోస్. ఇటలీ, స్పెయిన్ క్లబ్బులు ఎంత అడిగినా పెలేను ఇవ్వలేదు. అయితే దానికి మూల్యం ఎవరు చెల్లించారో చూడాలి. పెలేను పట్టుకుని శాంటోస్ ఖండాలన్నీ తిరిగింది, ఊరూరా ప్రదర్శన మ్యాచులు ఆడించి ఆ రుసుములతో ఖర్చులు గడుపుకుంది. మనిషిని అమ్మలేదు గానీ అతని మోకాళ్లను మ్యాచు లెక్కన అద్దెకిచ్చింది.

ఇంగ్లండ్‌లో కోటకు మొదటి బీట వేసినవాడు జార్జ్ ఈస్టమ్. 1960లో న్యూకాజిల్ వదలనంటే ఆట మానేసి దక్షిణాదిన బిరడాలు అమ్ముకుంటూ గడిపాడు. చివరికి ఆర్సెనల్‌కు వెళ్లాడు గానీ న్యూకాజిల్ మీద వేసిన కేసు వదల్లేదు. జీతపు పరిమితి 1961లో పోయింది. గడువు తీరాక కూడా ఆటగాణ్ని పట్టి ఉంచడం అన్యాయమని 1963లో కోర్టు చెప్పింది. అక్కడి నుంచి చిన్న క్లబ్బుల కాలి కింద నేల మెల్లగా కదలడం మొదలైంది.

పూర్తిగా కదిలింది 1995 డిసెంబరు 15న. బెల్జియంలోని లియేజ్ క్లబ్బు, ఒప్పందం ముగిసిన జాన్ మార్క్ బోస్మాన్‌ను ఫ్రాన్స్‌లోని డంకర్క్‌కు వెళ్లనివ్వలేదు. ఆ తగాదా లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లింది. గడువు తీరిన ఆటగాడి మీద క్లబ్బుకు ఏ హక్కూ లేదని తీర్పు వచ్చింది. దెబ్బ ఎలా తగిలిందో అయాక్స్‌ను చూస్తే తెలుస్తుంది. ఆ ఏడాది మే నెలలోనే సొంత అకాడమీ కుర్రాళ్లతో ఐరోపా ఛాంపియన్ అయిన జట్టు అది. ఫైనల్లో మిలాన్ మీద గోలు కొట్టిన పాట్రిక్ క్లైవర్ట్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లు. రెండేళ్లు తిరిగేసరికి 1997లో అదే మిలాన్‌కు రుసుము లేకుండా వెళ్లిపోయాడు. ఎడ్గర్ డేవిడ్స్ అంతకు ముందు ఏడాదే ఆ దారి పట్టాడు.

బోస్మాన్ తీర్పు వచ్చిన రోజు నుంచి అమ్మాలా వద్దా అన్న ప్రశ్నకు ముందే ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది. కాగితం మీద ఇంకెన్నేళ్లు మిగిలాయి? మూడేళ్లుంటే క్లబ్బు ధర చెబుతుంది. ఏడాదే ఉంటే కొనేవాడు చెబుతాడు. ఆరు నెలలుంటే ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. చిన్న క్లబ్బు అసలు నిర్ణయం బేరం వచ్చిన రోజున తీసుకునేది కాదు. కుర్రవాడు మొదటి జట్టులోకి రాగానే ఒప్పందం పొడిగించామా, జీతం పెంచామా అన్న దగ్గరే సగం తేలిపోతుంది.

బ్రైటన్ ఈ లెక్కను బాగా వంటబట్టించుకుంది. ఈక్వడార్‌లోని ఇండిపెండియెంటే డెల్ వాలే అనే చిన్న క్లబ్బు తీర్చిదిద్దిన మోయిసెస్ కైసెడోను 2021లో 40 లక్షల పౌండ్ల పైచిలుకుకు కొంది. 2023 జనవరిలో ఆర్సెనల్ 6 కోట్లు, ఆ తర్వాత ఇంకా ఎక్కువ ఇస్తానంది. నన్ను వెళ్లనివ్వండి అంటూ కుర్రవాడు బహిరంగంగా లేఖ రాశాడు. ఒప్పందంలో ఇంకా రెండేళ్లకు పైగా మిగిలి ఉంది కాబట్టి క్లబ్బు తొణకలేదు. మార్చిలో అతనితోనే కొత్త ఒప్పందం రాయించుకుంది. ఆ సీజను ఆరో స్థానంలో ముగించి, చరిత్రలో మొదటిసారి ఐరోపా పోటీల్లో అడుగుపెట్టే అర్హత తెచ్చుకుంది. ఆగస్టులో చెల్సీ దగ్గర 10 కోట్ల పౌండ్లు, పైన అదనపు చెల్లింపులు తీసుకుని అమ్మింది. ఏడు నెలల ఓపిక విలువ అది.

బర్మింగ్‌హామ్ సిటీకి అంత ఓపిక పట్టే వీలు లేకపోయింది. ఆ క్లబ్బు రెండు తరాల్లో రెండుసార్లు ఒకే బాధ పడింది. 1970లో ట్రెవర్ ఫ్రాన్సిస్ పదహారేళ్ల 139 రోజుల వయసులో ఆ జట్టుకు తొలి మ్యాచ్ ఆడాడు. 1979లో అతన్ని నాటింగమ్ ఫారెస్ట్ 10 లక్షల పౌండ్లకు కొంటే బ్రిటన్ నోరు వెళ్లబెట్టింది. ఆ మే నెలలోనే ఐరోపా కప్ ఫైనల్లో గోలు అతనిదే. బర్మింగ్‌హామ్ అదే సీజనులో కింది డివిజన్‌కు పోయింది. నలభై ఏళ్లకు, 2019 ఆగస్టులో, పదహారేళ్ల 38 రోజుల జూడ్ బెల్లింగమ్ ఆ జట్టుకు ఆడిన అతి పిన్న వయస్కుడన్న ఫ్రాన్సిస్ రికార్డు చెరిపేశాడు. అప్పటికి ఖర్చుల నిబంధనలు దాటినందుకు క్లబ్బుకు తొమ్మిది పాయింట్ల కోత పడి ఆరు నెలలు కాలేదు. మరుసటి జులైలో డార్ట్‌మండ్‌కు సుమారు 2.5 కోట్ల పౌండ్లకు వెళ్లాడు. క్లబ్బు అతని 22వ నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వబోమని ప్రకటిస్తే దేశమంతా ఎగతాళి చేసింది. ఆ ఎగతాళి నాకు నచ్చలేదు. ఏడెనిమిదేళ్ల వయసు నుంచి పెంచిన పిల్లవాడు ఒక్క సీజను ఆడి వెళ్లిపోతుంటే, ఆ బాధను చెప్పుకోవడానికి క్లబ్బు దగ్గర ఆ చొక్కా తప్ప ఏముంది?

2023లో రియల్ మాడ్రిడ్ 10 కోట్ల యూరోలకు పైగా చెల్లించి అతన్ని డార్ట్‌మండ్ దగ్గర కొంది. ఇక్కడే ఒక మంచి నిబంధన పనిచేసింది. ఫిఫా 2001లో తెచ్చిన పద్ధతి ప్రకారం, దేశం దాటే బదిలీలో రుసుములో 5 శాతాన్ని ఆటగాణ్ని పన్నెండు నుంచి ఇరవై మూడేళ్ల దాకా తయారుచేసిన క్లబ్బులకు పంచాలి. పదిహేను నిండేదాకా ఏడాదికి 0.25 శాతం, ఆ తర్వాత ఏడాదికి 0.5 శాతం. చిన్న మొత్తమే, కానీ తీర్చిదిద్దిన చేతికి న్యాయంగా దక్కే వాటా. ఆ చేతి నుంచి మిగతా సొమ్ము ఎలా జారిపోగలదో శాంటోస్‌కు నేమార్ విషయంలో తెలిసింది. 2010లో చెల్సీని కాదని ఉంచుకుంది, 2011లో దక్షిణ అమెరికా కప్పు కొట్టింది. 2013లో బార్సిలోనా 5.7 కోట్ల యూరోలని ప్రకటిస్తే అందులో క్లబ్బు పేరున కనిపించినవి 1.71 కోట్లే. అతని మీద వాటాలను ముందే బయటి పెట్టుబడిదారులకు అమ్ముకున్నారు, పెద్ద మొత్తం ఆటగాడి కుటుంబం కంపెనీకి పోయింది. ఇలాంటి బయటి వాటాలను ఫిఫా 2015 నుంచి నిషేధించింది.

ఇప్పుడు నేల మళ్లీ కదులుతోంది. లస్సానా దియారా అనే ఆటగాడి కేసులో 2024 అక్టోబరు 4న ఐరోపా న్యాయస్థానం, ఒప్పందం మధ్యలో వదిలేసిన ఆటగాడి మీదా, అతన్ని తీసుకున్న క్లబ్బు మీదా ఫిఫా మోపే భారాల్లో కొన్ని చట్టానికి విరుద్ధమని చెప్పింది. ఫిఫా నిబంధనలు సవరించడం మొదలుపెట్టింది. ఆటగాడి స్వేచ్ఛ పెరగడం మంచిదే, 1893 నాటి సంకెళ్లు ఎవరికీ వద్దు. కానీ ఒప్పందంలో మిగిలిన ఏళ్ల విలువ తగ్గితే చిన్న క్లబ్బు చేతిలో ఉన్న ఆఖరి పట్టు కూడా సడలుతుంది. దానికి బదులుగా తయారుచేసినవాళ్ల వాటా 5 శాతం నుంచి పెరగాలి, ఒకే దేశంలో జరిగే అమ్మకాలకూ పూర్తిగా వర్తించాలి.

ఆ వాటా వసూలు చేసి పంచడానికి 2022 నవంబరులో పారిస్ కేంద్రంగా ఫిఫా ఒక సంస్థను నడపడం మొదలుపెట్టింది. ఆ పంపకానికి ఆధారం, ఆటగాడు పన్నెండో ఏట నుంచి ఏ ఏడు ఏ క్లబ్బులో నమోదయ్యాడు అన్న రికార్డు. హైదరాబాద్, సికింద్రాబాద్ బస్తీల్లో ఈ సాయంత్రం పిల్లల్ని ఆడిస్తున్న కోచ్‌లు ఆ పేర్లను అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ నమోదు పద్ధతిలో ఇప్పుడే ఎక్కించాలి. బలరాం రోజుల్లో అలాంటి కాగితం లేదు. ఇప్పుడుంది, దాన్ని నింపడానికి ఖర్చూ పెద్దగా కాదు.