పాకం పాతది, పప్పు కొత్తది

దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో నాలుగిళ్ళు వరుసగా ఉంటే, ఆ నాలుగింటి వారూ నాలుగు జిల్లాల నుంచి వచ్చినవారై ఉంటారు. విజయవాడ రహదారీ, నాగార్జునసాగర్ రహదారీ ఎల్.బి.నగర్ వైపు నుంచే నగరంలోకి వస్తాయి కనుక, ఆ దారుల వెంట ఉన్న జిల్లాల వారు బస్సు దిగిన చోటనే కాపురాలు పెట్టుకున్నారేమో అనిపిస్తుంది. భాషాభిమానికి ఇది ఒక భాగ్యం. ఒకే వస్తువుకు ఉన్న పేర్లన్నీ ఒక్క కిరాణా దుకాణం ముందు నిలబడి వినవచ్చు.

వేయించిన వేరుశనగపప్పును బెల్లపు పాకంలో కలిపి పలుచగా పరచిన తినుబండారం ఉన్నది కదా, దానిని నల్లగొండ వారు పల్లీపట్టీ అంటారు. కోస్తా వారికి అది పప్పుచెక్క, లేదా వేరుశనగ అచ్చు. గుండ్రంగా చుడితే ఉండ. సీమ వారికి ఆ ఉండయే ముద్ద. మనుమలకు మాత్రం, తాతది ఏ జిల్లా అయినా సరే, అది చిక్కీయే!

పేర్ల విషయంలో పేచీ లేదు. కానీ ఈ మధ్య తరచుగా ఒక మాట వినవస్తోంది: ఇది కాకతీయుల నాటి వంటకమనీ, రాయలవారి పంక్తిలో వడ్డించేవారనీ. మన వంటలకు ప్రాచీనత ఆపాదించుకోవడంలో మనకున్న ఉత్సాహం అంతా ఇంతా కాదు. అది ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడమే ఈ టపా ఉద్దేశం.

ముందు పప్పు సంగతి. వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1492 తరువాత, ఐరోపా వారి ఓడలు సముద్రాలు దాటిన పిమ్మటనే అది తూర్పు దేశాలకు చేరింది. కనుక కాకతీయుల కాలంలో దాని ప్రసక్తే లేదు. పదిహేనవ శతాబ్దపు శ్రీనాథుడు పలనాటి జొన్నకూటిని ఎంత ఈసడించినా, దానితో నంజుకోవడానికి ఆయనకు వేరుశనగ పచ్చడి దొరికే వీలు లేదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఋతువుకు తగినట్లు అతిథులకు పెట్టిన భోజనాలను ఎంత వెదకినా వేరుశనగ కనబడదు. (ఆ మాటకొస్తే మిరపకాయ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినదే. మన ఆవకాయ గర్వం మాట ఇంకొక నాడు చూద్దాము.)

కొత్తగా వచ్చిన వస్తువుకు మన భాష పేరు పెట్టే తీరు ముచ్చటగా ఉంటుంది. అప్పటికి తెలిసిన శనగను ఆధారం చేసుకొని, మట్టిలో దొరుకుతోంది గనుక వేరుశనగ అన్నారు. తమిళులూ వేర్కడలై అన్నారు, నిలక్కడలై అన్నారు. ఆర్కాటు ప్రాంతపు తమిళంలో మణిలాకొట్టై అన్న మాట కూడా ఉంది. ఫిలిప్పీన్స్‌లోని మనీలా దారిన వచ్చిన జ్ఞాపకం ఆ పేరులో మిగిలిపోయింది. నిజానికి వేరుశనగ వేరు కాదు, వేరుకు కాసేదీ కాదు. పసుపు పచ్చని పువ్వు నేలపైనే పూస్తుంది. అది వాడిన తరువాత దాని అడుగు నుంచి ఒక ఊడ సాగి భూమిలో దిగబడి, ఆ కొసన కాయ కడుతుంది. పేరు పెట్టినవారు మొక్కను పీకి చూశారు కాని, పూత నాటి నుంచి కాపు కాయలేదన్నమాట. పల్లీ అన్న మాట ఉర్దూ మూంగ్‌ఫలీలోని 'ఫలీ' నుంచి, అంటే కాయ నుంచి వచ్చిందని నా అభిప్రాయం. కర్నూలు వైపు బుడ్డలు అంటారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరు అదే.

జీడిపప్పుదీ ఇదే కథ. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు పదహారవ శతాబ్దంలో తెచ్చిన చెట్టు అది. అయితే జీడి అన్న తెలుగు మాట అంతకు ముందు నుంచీ ఉన్నదే. చాకలివారు బట్టలపై గుర్తు పెట్టే నల్లజీడి, సంస్కృతంలో భల్లాతకం, మన అడవుల చెట్టు. కొత్త చెట్టు కాయ పెంకులో కూడా ఒళ్ళు పొక్కించే నూనె ఉండటం చూసి, దీనికీ ఆ పేరే చేర్చి జీడిమామిడి అన్నారు. నేటి వృక్షశాస్త్రజ్ఞులు జీడిని, జీడిమామిడిని, మామిడిని మూడింటినీ ఒకే కుటుంబంలో చేర్చారు. ఆ పేరు పెట్టినవాడెవరో గాని, ఈసారి గురి తప్పలేదు.

వేరుశనగ ఊరూరా పంటగా మారడానికి చాలా కాలం పట్టింది. పంతొమ్మిదవ శతాబ్దంలో దక్షిణార్కాటులో విస్తారంగా పండి, పుదుచ్చేరి రేవు నుంచి ఫ్రాన్సులోని మార్సేయ్ నగరానికి నూనెకు, సబ్బులకు ఓడలెక్కిపోయేది. ఇరవయ్యవ శతాబ్దంలో రాయలసీమ ఎర్రనేలలను కమ్ముకుంది. 1940లో తిండివనం నుంచి విడుదలైన టీఎంవీ-2 రకం అనంతపురం రైతు చేతిలో కొన్ని దశాబ్దాలు నిలిచింది. తరువాత కదిరి పరిశోధన కేంద్రం రకాలు వచ్చాయి. తెలంగాణలో వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు వైపు యాసంగి పంటగా పండుతోంది. ఇంటింటా డబ్బాలో పల్లీలు ఉండే స్థితి వచ్చాకనే పల్లీపట్టీ పేదవాడి మిఠాయి అయిందని నా అంచనా. ఆ లెక్కన దాని వయసు రెండు వందల ఏళ్ళు దాటదు.

మరి ప్రాచీనమైనదేదీ లేదా? ఉంది. అది పప్పులో లేదు, పాకంలో ఉంది.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో చెరకు పదార్థాలు వరుసగా ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని చెప్పబడినవి. నీటి పాకం మొదలు పలుకు చక్కెర దాకా మెట్లవి. ఇందులో శర్కర మన చక్కెర అయింది. పారసీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్, ఇంగ్లీషులో షుగర్ అయింది. ఖండం మనకు కండచక్కెరలో మిగిలి, పారసీకంలో కంద్ అయి, అరబ్బీ మీదుగా ఐరోపా చేరి క్యాండీ అయింది. నేడు కొత్తపేట దుకాణంలో పిల్లవాడు క్యాండీ అని అడిగినప్పుడు, వాడు ఎరుగకుండానే కౌటిల్యుని మాట పలుకుతున్నాడు. క్రీ.శ. 647లో చీనా చక్రవర్తి తైజోంగ్ చక్కెర వండే విద్య నేర్చుకొని రమ్మని మగధకు మనుషులను పంపాడు. బెల్లం మాత్రం సంస్కృతం కాదు సుమా, ద్రావిడపదం. తమిళంలో వెల్లం, కన్నడంలో బెల్ల.

ఈ పాకంలో వేరుశనగ కన్నా ముందు కూర్చున్నది నువ్వు. నువ్వు, నెయ్యి కలిసి మన నూనె పుట్టింది. నాగులచవితి నాటి చిమ్మిలి నువ్వులూ బెల్లమూ దంచి చేసేది, పొయ్యి ఎక్కనిది. నువ్వుల ఉండ పొయ్యి ఎక్కినది. వేరుశనగ వచ్చి నువ్వు పక్కన చోటు అడిగింది, మనవారు ఇచ్చారు. విధానం సిద్ధంగా ఉండగా సరుకు మాత్రమే మారింది.

ఆ విధానానికి మన ఇళ్ళలో ఉన్న పరిభాష చూడండి. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం. అరిసెలకు ఉండపాకం చాలు. పట్టీకి ముదురుపాకం కావాలి. అలంకారికులు కవిత్వానికి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని చెప్పినవి తరగతిలో బోధించేటప్పుడు, నేను ఈ వంటింటి నాలుగు పాకాలూ ముందు బల్ల మీద రాసేవాణ్ణి. పిల్లలు వెంటనే అందుకునేవారు. ఇప్పుడు ఎల్.బి.నగర్‌లో ఉండే మా బంధువుల కోడలు, ఉద్యోగస్థురాలు, చురుకైన పిల్ల, "బాబాయిగారూ, పాకం ఎన్ని నిమిషాలు ఉంచాలి?" అని అడుగుతుంది. నిమిషాలతో తేలేది కాదమ్మా అన్నాను. పొట్లం పట్టీ కొనుక్కోవడం వల్ల పోయేది రుచి ఒక్కటే అయితే నాకు ఇంత చింత లేదు. ఆ నాలుగు మాటలూ పోతున్నాయి.

ఆమెకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. పల్లీలు మూడు వందల గ్రాములు సన్నని సెగ మీద ఓపికగా వేయించి, పొట్టు చెరిగి, బద్దలు చేసి ఉంచాలి. రెండు వందల గ్రాముల బెల్లం తరిగి, రెండు చెంచాల నీళ్ళు పోసి కరిగించి, వడకట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టాలి. ఈలోగా ఒక పళ్ళానికి నెయ్యి రాసి ఉంచుకోవాలి. తరువాత తీరిక దొరకదు. పాకం చుక్కను చన్నీళ్ళలో వేస్తే మొదట కరిగిపోతుంది, తరువాత మెత్తని ఉండ అవుతుంది, ఆ పైన గట్టిపడుతుంది. ఆ గట్టి ఉండను పళ్ళెం మీద విసిరితే ఖంగుమనాలి, వంచితే సాగక పుటుక్కున విరగాలి. అప్పటికి వేడి సుమారు నూట యాభై డిగ్రీలకు చేరి, నీరు దాదాపు ఇగిరిపోయి, చల్లారితే గాజులా బిగిసే స్థితికి వస్తుంది. ఒక్క క్షణం ముందు దింపితే పళ్ళకు అంటుకుంటుంది, ఒక్క క్షణం దాటితే చేదెక్కుతుంది. బెల్లంతో ఒక సౌకర్యముంది: అందులో సహజంగా ఉండే ఇతర చక్కెరలు పాకాన్ని పలుకులు కట్టనీయవు. పంచదారతో చేసేవారు ఆ పనికే నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతారు. పప్పు కలిపి, పళ్ళెంలో పరచి, చల్లారకముందే కత్తితో గాట్లు పెట్టాలి.

బెల్లం తెల్లగా మెరుస్తుంటే కొనవద్దని కూడా చెప్పాను; ఆ మెరుపు చాలాసార్లు రసాయనానిది. వానాకాలమైతే పూర్తిగా చల్లారగానే డబ్బాలో పెట్టి మూత బిగించాలి. గాలిలోని తడి తగిలితే సాయంత్రానికే ముదురుపాకం మళ్ళీ ఉండపాకం వైపు తిరుగుతుంది.