కాలువ గట్టున చలికాలపు గాలం



తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల వారికి గాలం సంగతి వేరే చెప్పనక్కరలేదు. కార్తీక నియమాలు తీరగానే కాలువ గట్టుమీద, రేవు మెట్లమీద బెండుకేసి చూస్తూ కూర్చోవడం మనకు అలవాటే. ఈ వేటకు కూడా ఒక చరిత్ర కలదు.

1855లో విజయవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తయినది. సీతానగరం వైపు నుంచి బయలుదేరిన కాలువ దుగ్గిరాల లాకుల దగ్గర పాయలై మన మాగాణులకు చేరింది. కొమ్మమూరు కాలువ బాపట్ల ప్రాంతం మీదుగా పెదగంజాం దాకా సాగింది. కాలువలతో పాటు పడవలు, లాకులు, రేవులు వచ్చాయి. నీటితో పాటు చేపా వచ్చింది. వానకారులో చేలల్లో ఎదిగిన కొరమీను, జెల్ల, ఇంగిలాయి, కోతల ముందు నీరు తీసేసరికి మురుగు కాలువల్లోకి దిగేవి. గండి దగ్గర వెదురు మావు, మడుగులో ఊత, గట్టుమీద గాలం. మన చలికాలపు వేటకు మూలమిదే.

చలికి కొరమీను మందగిస్తుంది. తెల్లవారుజామున గాలం వేస్తే ఫలితం తక్కువ. ఎండ పొడ తగిలి, గట్టువార నీరు వెచ్చబడిన తరువాత గుర్రపుడెక్క అంచున చిన్న చేపనో, కప్పనో ఎరగా వేసి నెమ్మదిగా కదిలించాలి. ఇది గాలి పీల్చుకొనుటకు పైకి వచ్చే చేప; నీరు కదలిన చోటు కనిపెట్టండి. బెండు మునిగిన వెంటనే లాగరాదు. ఎర నోట పట్టుకొనే వ్యవధి ఇవ్వాలి.

ఇక చేప తరిగిన కథ. సన్నకన్ను వలలతో, ఉచ్చులతో పిల్లలను ఊడ్చేస్తున్నారని ఫ్రాన్సిస్ డే 1873లోనే ప్రభుత్వానికి నివేదించాడు. 1897 నాటి చట్టం నీళ్ళలో మందుగుండు పేల్చడం, విషం కలపడం నేరమన్నది. అయినా తరువాతి కాలంలో చేలకు కొట్టిన పురుగుమందులే నీళ్ళలో దిగాయి. వాటిలో చేపకు మహావిషమైన ఎండ్రిన్‌ను 1990లో నిషేధించారు. 1988లో దేశంలో ప్రవేశించిన పుండ్ల జబ్బు కొరమీనును మరీ దెబ్బతీసింది.

కనుక చలికాలంలోనే పట్టడం మేలు. వానల్లో కొరమీను గుడ్లు పెడుతుంది. ఎర్రని పిల్లల గుంపు నీటిమీద తేలుతుంటే, పెద్ద చేపలు కిందనే కాపలా కాస్తుంటాయి. ఆ రోజుల్లో కాపలా చేపను గాలానికి లాగితే, గుంపంతా ఇతర చేపల పాలవుతుంది. పిల్లలు కనిపించిన చోట గాలం ఎత్తివేయండి. మందు కొట్టిన చేలో నీరు వెంటనే మురుగులోకి వదలకండి. మందు డబ్బాలు, స్ప్రేయర్లు కాలువలో కడగకండి. ఈపాటి జాగ్రత్త మన చేతిలోనే ఉన్నది.