మన బస్తీల పేర్లు - మరచిన చెరువులు, తోటలు

ఏ ఊరి చరిత్ర తెలుసుకోవాలన్నా ముందు ఆ ఊళ్ళో నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, ఎటు పారుతాయో చూడాలి. కోటలూ మహళ్ళూ ఆ తరువాతి మాట. హైదరాబాదు చరిత్ర అనగానే అందరూ చార్మినార్ పేరు, గోల్కొండ పేరు చెప్తారు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు వచ్చేసరికి "ఇక్కడేముందండీ, అన్నీ నిన్న మొన్నటి కాలనీలే కదా" అంటారు. ఈ అభిప్రాయం సరియైనది కాదని మనవి చేయడమే ఈ చిన్న వ్యాసం యొక్క ముఖ్యోద్దేశం.

కాలనీలు కొత్తవే కావచ్చు, నేల కొత్తది కాదు. చైతన్యపురి దగ్గర మూసీ ఒడ్డున, నరసింహస్వామి గుడి ఉన్న చోట, బండమీద ప్రాకృత భాషలో ఒక శాసనం గలదు. విష్ణుకుండిన రాజైన గోవిందవర్మ కాలం నాటిది, అనగా సుమారు 5వ శతాబ్దానిది. అందులో బౌద్ధ విహారం ప్రస్తావన ఉన్నది. చార్మినారు కట్టడానికి వెయ్యేళ్ళకు పూర్వమే ఈ నది ఒడ్డున, ఈ బండల నడుమ భిక్షువులు నివసించినారన్న మాట. వారు ఇక్కడికి వచ్చింది నీటి కోసం, నీడ కోసం, ప్రశాంతత కోసం. ఆ తరువాత వచ్చిన వారందరూ వాటి కోసమే వచ్చినారు.

మూసారాం తోట

2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు మెట్రో రైలు వచ్చింది. ఆ స్టేషన్ల పేర్లు చదివితే చాలు, సగం చరిత్ర చదివినట్లే. మూసారాంబాగ్‌నే చూడండి. మూసారాం అనగా ఎవరు? ఫ్రెంచి దేశస్థుడైన రేమండ్ సేనాని. రెండవ నిజాం అలీఖాన్ వద్ద ఫౌజును తీర్చిదిద్దిన వాడు. నేటి గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో ఫిరంగులు పోత పోయించిన వాడు కూడా ఆయనే. మన వాళ్ళ నోటికి ఆ ఫ్రెంచి పేరు తిరగలేదు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. ఒకే మనిషిని ఇద్దరూ తమవాడే అనుకున్నారు. 1798 మార్చి 25న ఆయన మరణించగా గుట్టమీద సమాధి చేసి, నల్లరాతి స్తంభం నిలబెట్టినారు. అది నేటికీ ఉన్నది. ఆ పక్కనే పాయిగా వంశీయుడైన సర్ ఆస్మాన్ జా 1885 ప్రాంతంలో ఆస్మాన్‌గఢ్ మహలు కట్టుకున్నాడు. గుట్ట ఉన్నది, సమాధి ఉన్నది, మహలు ఉన్నది. 'బాగ్' అన్న మాట మాత్రం స్టేషను బోర్డు మీదనే మిగిలింది.

దిల్‌సుఖ్‌నగర్ సంగతీ అంతే. ఇదంతా పూర్వం పంట భూమి. దాని యజమాని దిల్‌సుఖ్‌రాం తన భూమిని ప్లాట్లుగా విభజించగా ఆయన పేరే నిలిచిందని పెద్దలు చెప్తారు. దిల్ అంటే హృదయం, సుఖ్ అంటే సుఖం. ఒక ఫార్సీ మాట, ఒక హిందీ మాట కలిసి ఒక మనిషి పేరైంది, ఆ పేరు ఊరి పేరైంది. మన హైదరాబాదు సంస్కృతికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

చెరువు కడుపు

ఇప్పుడు సరూర్‌నగర్. సురూర్ అంటే ఆనందం. నిజాం అలీఖాన్ దివాను అరస్తూ జా తన బేగం పేరిట ఇక్కడ తోట వేయించినాడని, ఆ పేరే ఊరికి వచ్చిందని చరిత్రకారులు అంటారు. ఇక్కడి చెరువు అంతకన్నా పాతది, 17వ శతాబ్దంలో కుతుబ్ షాహీల కాలంలో తవ్వించినది. దాదాపు 99 ఎకరాల విస్తీర్ణం. చుట్టుపక్కల పొలాలన్నీ దాని నీటితోనే పండేవి. నిజాం ప్రభువులకు ఈ ప్రాంతం విడిది, వేట స్థలం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కట్టించిన మహలే తరువాత విక్టోరియా రాణి స్మారకంగా అనాథ బాలల వసతి గృహం అయింది. మెట్రోలో విక్టోరియా మెమోరియల్ స్టేషను పేరు దానిదే.

పూర్వీకులు చెరువులను విడివిడిగా కట్టలేదు, గొలుసుగా కట్టినారు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు కాలువ గుండా కింది చెరువులోకి పోవాలి, అది నిండితే ఇంకో దానిలోకి, చివరకు నదిలోకి. మీర్‌పేట, బైరామల్‌గూడ వైపు నుంచి వచ్చిన నీరు సరూర్‌నగర్ చెరువు చేరుతుంది. అక్కడ పొంగిన నీరు నాలా గుండా మూసీలో కలుస్తుంది. కట్ట, తూము, మత్తడి, కాలువ - ఈ నాలుగింటిలో ఏది చెడినా గొలుసు తెగినట్లే.

ఆ గొలుసు తెగితే ఏమవుతుందో 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు కళ్ళారా చూసింది. మూసీ వరదలో సుమారు 15 వేల మంది చనిపోయినట్లు చెప్తారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురిని ఆ ఒక్కరోజే పోగొట్టుకున్నాడు. తరువాత ఏడాది సర్కారు పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు లెక్క తీయగా, నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నవని, వాటిలో 221 చెరువులకు గండ్లు పడినవని తేలింది. ఒక చెరువు తెగి కింది దానిమీద పడితే అది తెగింది, అది ఇంకో దానిమీద పడింది. ఆయన సలహాల ఫలితమే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్.

మరి మన కాలంలో? 2020 అక్టోబరులో కుండపోత వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ మొదలైన కాలనీలు నీట మునిగినవి. వీధుల్లో పడవలు తిరిగినవి. ఎన్నో కుటుంబాల బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు తడిసి ముద్దయినవి. "చెరువు ఇంట్లోకి వచ్చింది" అని జనం అన్నారు. నిజానికి చెరువు తన పాత దారినే పోయింది. దారిలో మన ఇళ్ళున్నవి.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. చెరువు నీరు నిలిచే నేలను రెవెన్యూ కాగితాలలో 'శిఖం' అంటారు. మన తెలుగు సోదరులు అదేదో శిఖరానికి సంబంధించిన మాట అనుకుంటారు. కాదు. ఫార్సీలో 'షికమ్' అంటే కడుపు. శిఖం తలాబ్ అనగా చెరువు కడుపు. ఎండాకాలంలో ఖాళీగా కనిపించవచ్చు, కానీ అది వానాకాలంలో నిండడానికే ఉన్నది. ఖాళీ కడుపు చూసి, ఈ మనిషికి ఇంక అన్నం అక్కర్లేదని ఎవరైనా అంటారా? మనం చెరువు విషయంలో సరిగ్గా అదే అన్నాం.

జింకల వనం

ఎల్బీనగర్ పేరు లాల్ బహదూర్ శాస్త్రి గారిది. అక్కడి నుంచి విజయవాడ రోడ్డు మీద ముందుకు పోతే చింతలకుంట. కుంట అన్న మాట చూడండి, అదీ నీళ్ళ పేరే. ఇంకా ముందుకు పోతే హయత్‌నగర్. గోల్కొండ సుల్తానుల ఇంటి ఆడపడుచు హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు. అక్కడి 17వ శతాబ్దపు మసీదు పక్కన హాథీ బావి ఉన్నది. ఏనుగులతో నీళ్ళు తోడించేవారట, అందుకే ఆ పేరు.

ఈ రెండింటి నడుమ వనస్థలిపురం దగ్గర ఉన్నదే మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాముల వేట అడవి. మహావీరుడు నిర్యాణం చెంది 2500 ఏళ్ళయిన సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టి దీనిని జింకల వనంగా ప్రకటించినారు. వేట స్థలానికి అహింస బోధించిన వాని పేరు పెట్టడం ఎంత చక్కని ఆలోచన! విస్తీర్ణం 3,758 ఎకరాలు. బంజారాహిల్స్ వైపు అందరూ గొప్పగా చెప్పుకునే కె.బి.ఆర్. పార్కుకు ఇది దాదాపు పదింతలు. కృష్ణజింకలు, చుక్కల దుప్పులు, అడవి పందులు, ముళ్ళపందులు, నెమళ్ళు ఇందులో ఉన్నవి. ముళ్ళచెట్లే కదా అని తీసిపారేయకండి. దక్కను పీఠభూమి అసలు రూపం ఆ పొదల అడవే. కురిసిన వానను ఆ నేల మెల్లగా లోపలికి ఇంకించుకుంటుంది. సిమెంటు రోడ్డు ఆ పని చేయలేదు.

మనం చేయగలిగినవి

ఇంత పెద్ద సమస్యలో మనవంటి సామాన్యులం ఏం చేయగలం అని అడగవచ్చు. మూడు సంగతులు మనవి చేస్తాను.

మొదటిది, పైసా పైసా కూడబెట్టి ప్లాటు కొనే సోదరులు ముందు గ్రామ నక్షా చూడండి. ఆ సర్వే నంబరు శిఖంలో గాని, నాలా దారిలో గాని ఉన్నదా అని విచారించండి. హెచ్.ఎం.డి.ఏ. వారు చెరువుల పూర్తి నీటిమట్టం హద్దుల పటాలు తయారు చేసినారు, అవి అందరూ చూడవచ్చు. రిజిస్ట్రీ అయిందంటే భూమి మంచిదే అని కాదు. 2024లో హైడ్రా వచ్చిన తరువాత ఈ సంగతి ఊరంతటికీ తెలిసివచ్చింది.

రెండవది, నాలాలు, చెరువులు. పండుగ మనదైనా పొరుగువారిదైనా, పెళ్ళి ఎవరిదైనా, వ్యర్థాలు నాలాలో పడవేయరాదు. పై బస్తీ చెత్త కింది బస్తీ గుమ్మంలో తేలుతుంది.

మూడవది ఉర్దూ చదువుకున్న మన పిల్లలకు. సేత్వార్, పాత పహాణీలు, నక్షాలు - నిజాం కాలం నాటి భూమి కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉన్నవి. చెరువు హద్దు ఎక్కడ, కాలువ ఏ దారిన పోయింది, అన్నీ అందులో రాసి ఉన్నవి. చదివేవారే రోజురోజుకూ తగ్గిపోతున్నారు. "ఉర్దూ చదివితే ఏమొస్తుంది సార్?" అని పిల్లలు తరగతిలో అడుగుతుంటారు. ఒక చెరువును కాపాడే కాగితం చదవడం వస్తుంది నాయనా, అని నా జవాబు. తెలుగు రానివాడు ఈనాటి కాగితం చదవలేడు, ఉర్దూ రానివాడు ఆనాటి కాగితం చదవలేడు. రెండూ వచ్చిన పిల్లవాడు ఈ నగరానికి ఎంతో అవసరం.

బాగ్ పోయినా పేరు మిగిలింది. కుంట పోయినా పేరు మిగిలింది. సరూర్‌నగర్ చెరువు, జింకల వనం మాత్రం పేరుతో పాటు ఇంకా మన కళ్ళెదుట ఉన్నవి. వాటిని కూడా బోర్డుల మీది పేర్లుగా మిగల్చకుండా చూడవలసిన బాధ్యత మనందరిదీ.