గ్రోసరీ వెనుక గంపగుత్త



నెల మొదట్లో మీ ఇంట్లో ఒక చీటీ తయారవుతుంది కదా! కందిపప్పు, చింతపండు, మిరియాలు, బెల్లం... వీటిని పెద్దవాళ్లు వెచ్చాలనేవారు, పచారీ సామాననేవారు. పిల్లల నోట ఇప్పుడది గ్రోసరీ అయింది. మాట వంటింటి దాకా వచ్చింది కనుక దాని పుట్టుపూర్వోత్తరాలు కాస్త విచారిద్దాం.

గ్రోసర్ అనే మాటను ఇంగ్లీషువారు పాత ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారు. దాని మూలం లాటిన్‌లోని గ్రోసస్, అంటే లావుపాటిది, పెద్దది. గంపగుత్తగా కొని, గంపగుత్తగా అమ్మేవాడు గ్రోసర్. పన్నెండు డజన్లను, అంటే 144ను, గ్రోసు అంటాం చూడండి, అదీ ఈ కుదురుదే. పావుకిలో పప్పు తూచి ఇచ్చే చిల్లర వర్తకుడికి టోకు వర్తకుడి పేరు వచ్చిందన్నమాట!

ఎలా వచ్చింది? లండన్‌లో 1180 నాటికే మిరియాల వర్తకుల సంఘం ఉండేది. 14వ శతాబ్దంలో అదే గ్రోసర్ల సంఘమైంది. 1428లో ఆరవ హెన్రీ రాజు దానికి సనదు ఇచ్చాడు. వాళ్లమ్మిన మిరియాలు మన మలబారు తీరంలో పండినవే. అరబ్బుల ఓడల్లో, వెనిస్ వర్తకుల చేతుల మీదుగా అంతదూరం చేరేవి.

వీరికి జనంలో మంచి పేరేమీ లేదు. గ్రోసర్లు అన్నిరకాల సరుకులూ ఒకేసారి కొనేసి, ధర పెరిగేదాకా దాచిపెడుతున్నారని 1363లో పార్లమెంటుకు ఫిర్యాదు వెళ్లింది. ఒక వర్తకుడు ఒకే సరుకు అమ్మాలని చట్టం చేశారు. మరుసటి ఏడే దాన్ని ఎత్తేశారు. సరుకు దాచి ధర పెంచే విద్య ఈనాటిది కాదు మరి! కాలక్రమంలో ఆ పేరు బేరం పద్ధతిని వదిలి సరుకును పట్టుకుంది. సుగంధ ద్రవ్యాలు, పంచదార, ఆ తర్వాత తేయాకు కొద్దికొద్దిగా అమ్మేవాడే గ్రోసరయ్యాడు.

1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం శ్రోతలకు ఇంకో ముచ్చట. ఇలాంటి కొట్టును ఫ్రెంచివారు ఎపిసెరీ అంటారు. ఎపిస్ అంటే సుగంధ ద్రవ్యం. కర్ణాటకలోని మనవారు రోజూ వినే దినసి, మన దినుసు రెండూ అరబ్బీ జిన్స్ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు. జిన్స్ అంటే రకం.

మరి మన వెచ్చం? సంస్కృతంలోని వ్యయమే వెచ్చమైంది. వెచ్చించడమంటే ఖర్చుపెట్టడం. ఇంగ్లీషు మాట వర్తకుడి గోదాములోంచి పుట్టింది, ఫ్రెంచి మాట మసాలా డబ్బాలోంచి పుట్టింది. మన మాట మాత్రం ఇంటి ఇల్లాలి కొంగుముడిలోంచి పుట్టింది. కొనేవారి కష్టం ఎరిగిన మాట అది.

గ్రోసరీ అంటే తప్పేమీ లేదు. కానీ దాంతోపాటు వెచ్చాలనే మాట కూడా పిల్లల చెవిన పడనివ్వండి. హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, మీ ఇంటి పెద్దవాళ్లు ఈ సామానును ఏమని పిలిచేవారో ఒక్కసారి అడగండి. చెప్పగలిగినవారు ఉండగానే అడగండి.