ఊడివచ్చే సీటు

చేత్తో చేసిన మంచి కొయ్య కుర్చీ రెండు మూడు వందల ఏళ్లు నిలుస్తుంది. దాని మీది మెత్తకు అంత ఆయుష్షు లేదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండు వడ్రంగులు మహాగని కర్రతో చేసిన భోజనాల కుర్చీలు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో బల్ల చుట్టూ ఉన్నాయి. నాటి బట్ట, నాటి కూరుడు చెక్కుచెదరకుండా మిగిలిన కుర్చీ మాత్రం అరుదు. కర్రకొక ఆయుర్దాయం, మెత్తకొకటి. ఈ తేడాతో పనివాడు ఎలా వేగాడన్నదే నా దృష్టిలో భోజనాల కుర్చీ చరిత్రలో అసలు కథ. ఈ చరిత్ర చెప్పేవారు సాధారణంగా సుఖం వైపు నుంచి మొదలుపెడతారు: మొదట ఉత్త చెక్క, తర్వాత దిండు, ఆ పైన స్ప్రింగు, చివరికి ఫోము, ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చినట్టు. సోఫా విషయంలో అది చెల్లుతుందేమో గాని భోజనాల కుర్చీకి చెల్లదు. దాన్ని తరతరాలు నిలబెట్టిన ఘనత 18వ శతాబ్దం తొలి దశకాల్లో ఇంగ్లండులో స్థిరపడిన ఒక చిన్న ఏర్పాటుది: కింది నుంచి చేత్తో తోస్తే ఊడివచ్చే సీటు.

మెత్త మొదట కుర్చీలో భాగం కాదు. మధ్యయుగపు ఐరోపాలో భోజనానికి బల్లపీటలు, ముక్కాలిపీటలే వాడేవారు. హోదా ఉన్నవారికి వాటి మీద విడిగా దిండు వేసేవారు. లండన్‌లో దిండ్లు, పరుపులు కుట్టేవారి సంఘం 1360 నాటికే ఉంది. 1626లో మొదటి చార్లెస్ రాజు దానికి చార్టర్ ఇచ్చాడు. లోపల ఏం కూరారో కొనేవాడికి కనిపించని సరుకు కాబట్టి ఈ వృత్తిలో కల్తీ భయం మొదటినుంచీ ఉంది. ఏడవ హెన్రీ కాలంలో, 1495లో వచ్చిన చట్టం దిండ్లలో గుర్రపు వెంట్రుకలు, జింక, మేక, పశువుల బొచ్చు కూరడాన్ని నిషేధించింది. తోళ్లు ఊనే సున్నపు తొట్లలోంచి తీసిన ఆ బొచ్చు ఒంటి వేడికి భరించలేని కంపు కొడుతుందని చట్టంలోనే కారణం రాశారు. అప్పుడు నేరమైన ఆ గుర్రపు వెంట్రుకే తర్వాతి కాలంలో మెత్తలన్నిటికీ మేలైన కూరుడు అయిందంటే, ఆ మధ్య ఎంత పనితనం పుట్టిందో గమనించాలి. వెంట్రుకను శుభ్రంగా కడిగి, తాడులా గట్టిగా పేని, ఉడికించి, ఆరనిచ్చి, ఆ తర్వాత విప్పితే అది ఉంగరాలు తిరిగి అలాగే ఉండిపోతుంది. అలాంటి వెంట్రుక నొక్కితే అణుగుతుంది, వదిలితే లేస్తుంది. ఉన్ని, దూది కొన్నాళ్లకు గడ్డకడతాయి, ఇది కట్టదు. పాత సీటు విప్పి, లోపలి వెంట్రుకను కడిగి, వేళ్లతో చిక్కు విడదీసి, తిరిగి అదే సీటులో పరిచే పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

17వ శతాబ్దానికి మెత్త కుర్చీకి అంటుకుపోయింది. చేతులు లేని, చిన్న వీపు ఉన్న కుర్చీల సీటు పట్టెల మీద తోలునో, తివాచీలా ముడులు వేసి నేసిన ఉన్ని బట్టనో లాగి ఇత్తడి మేకులతో బిగించేవారు. చూడడానికి దర్జాగా ఉండేది. కాని ఉన్నికి చిమ్మెట పడుతుంది, దుమ్ము పడుతుంది, దాన్ని దులపాలంటే కుర్చీ మొత్తాన్నీ మోసుకుపోవాలి. 1660 తర్వాత తూర్పు దేశాల నుంచి వచ్చిన పేము ఈ బలహీనత మీదే దెబ్బకొట్టింది. పేముతో అల్లిన సీటు తేలిక, గట్టిది, దానికి చిమ్మెటా పురుగూ దుమ్మూ పట్టవని లండన్ పేము కుర్చీల వాళ్లు వాదించారు. ఉన్ని బట్టల వ్యాపారులు, మెత్తలు కుట్టేవారు తమ బతుకు పోతుందని పార్లమెంటుకు అర్జీలు పెట్టుకున్నారు. మన తీరానికి ఈ కథతో సంబంధం ఇక్కడే. వేడికీ పురుగుకూ ఉన్ని మెత్త నిలవని కోరమాండల్ తీరంలో పేము సీటు, దాని మీద విడి దిండు అన్నదే సహజమైన పద్ధతి. ఈ తీరంలో నల్ల చేవకర్రతో చేసిన చెక్కడపు కుర్చీలు ఇంగ్లండు చేరితే, రచయిత హొరేస్ వాల్పోల్ వాటిని తమ దేశపు ట్యూడర్ రాజుల కాలం నాటివని నమ్మి తన స్ట్రాబెర్రీ హిల్ భవనానికి కొన్నాడు. విశాఖపట్నం పనివాళ్లు దంతం పొదిగి కంపెనీ దొరలకు చేసిన కుర్చీలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఊడివచ్చే సీటు ఈ రెండు పద్ధతుల్లోనూ ఉన్న మేలును కలుపుకుంది. కుర్చీ పట్టెల లోపలి అంచున మెట్టులా ఒక గాడి చెక్కుతారు. సీటుకు విడిగా నాలుగు కర్రల చట్రం, ఎక్కువగా బీచ్ కలపతో, తయారవుతుంది. దాని మీద నారపట్టీలను నిలువుగా అడ్డంగా ఒకదానిలోంచి ఒకటి దూర్చి బిగలాగి మేకులు కొడతారు. పట్టీల మీద గరుకు బట్ట, దాని మీద వెంట్రుక, వెంట్రుక మీద పల్చటి నూలు బట్ట, చివర పైబట్ట. ఈ చట్రం గాడిలో దిగి కూర్చుంటుంది. మేకు లేదు, జిగురు లేదు. చేతిపని కాబట్టి ఏ రెండు కుర్చీలూ వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా రావు, ఒకదాని సీటు మరోదానికి సరిగా అమరదు. అందుకే పనివాడు గాడిలో ఒక అంకె, సీటు చట్రం అడుగున అదే అంకె ఉలితో కొట్టేవాడు. ఉలి గీతలకు అనువైనవి రోమన్ అంకెలే. మరమ్మతు కోసం సీట్లన్నీ ఒక్కసారి విప్పినా ఏది ఎక్కడిదో తెలిసేది. ఈ మెత్త ఎప్పటికైనా ఊడుతుందని, మరొకరు దీన్ని విప్పుతారని చేసేనాడే అనుకున్నాడన్నమాట. ఆ అంకె కంటే నా వాదనకు బలమైన సాక్ష్యం లేదు.

దీనికి పెద్ద ఆక్షేపణ సాక్షాత్తూ ఆనాటి పేరుమోసిన ఇంగ్లండు ఫర్నిచరు పనివాడు థామస్ చిప్పెండేల్ నుంచే వస్తుంది. 1754లో మొదట వెలువడిన తన నమూనాల పుస్తకంలో ఆయన మొగ్గు పట్టెల మీదుగా కప్పి, మేకుల వరుసతో బిగించిన సీటుకే. కిటికీ తెరల బట్టతోనే సీటూ కప్పడం వాడుక అని కూడా రాశాడు. అంతటివాడు చెప్పింది తప్పా? అందం మాటకొస్తే తప్పు కాదు. ఒకే వంపుగా కిందికి జారే ఆ సీటు నిజంగా అందమైనదే, దాని అంచు కుట్టడం కష్టమైన పని కూడా. కాని అలాంటి కుర్చీకి బట్ట మార్చిన ప్రతిసారీ పట్టెలోనే పదుల కొద్దీ మేకులు దిగుతాయి. నాలుగైదు మార్పులకు పట్టె అంచు మేకుల బెజ్జాలతో పొడిపొడి అవుతుంది, కొత్త మేకుకు పట్టు దొరకదు. ఊడివచ్చే సీటులో ఆ గాయమంతా చట్రానిది. చట్రం పాడైతే నాలుగు కర్రలు మార్చుకుంటే చాలు. పైగా భోజనాల గది బట్ట తరచూ మారక తప్పదు. గోడలకు బట్ట కడితే వంటల వాసన పట్టుకుంటుందని, భోజనశాలకు సున్నపు పూతే తగినదని వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ అన్నాడు. అదే బుద్ధి సీటుకూ వర్తించింది. 1788లో అచ్చయిన, మరో ఫర్నిచరు పనివాడు హెపుల్‌వైట్ నమూనాల పుస్తకం మహాగని కుర్చీలకు గుర్రపు వెంట్రుకల బట్టను సిఫారసు చేసింది. పడుగు నూలుది, పేక గుర్రపు తోక వెంట్రుక. వెంట్రుకను దారంలా వడకడం లేదు కాబట్టి తోక ఎంత పొడుగో బట్ట అంతే వెడల్పు. ఒక కుర్చీ సీటుకు సరిగ్గా సరిపోతుంది. నున్నగా మెరిసే ఆ బట్ట మీద పులుసు ఒలికినా తుడిస్తే పోతుంది. 1837లో మొదలైన జాన్ బాయ్డ్ సంస్థ ఇంగ్లండులోని కాసిల్ కేరీలో ఇప్పటికీ దాన్ని నేస్తోంది.

సుఖాన్ని పక్కన పెట్టేస్తున్నానని మరొకరు అనవచ్చు. 1822లో వియన్నాలో గెయోర్గ్ యునిగ్ల్, 1828లో లండన్‌లో శామ్యూల్ ప్రాట్ స్ప్రింగుల మెత్తలకు పేటెంట్లు పొందారు. బెంగాల్ జనపనారతో డండీ మిల్లులు చవక పట్టీలు, గోనెపట్టా తయారుచేయడంతో ఆ శతాబ్దంలోనే స్ప్రింగు సీటు మధ్యతరగతి ఇళ్లకూ చేరింది. పడక కుర్చీకి, సోఫాకు అది మేలే చేసింది. భోజనం చేసేవాడు మాత్రం వెన్ను నిటారుగా ఉంచి ముందుకు వంగి కూర్చుంటాడు. బల్ల ఎత్తు సుమారు 30 అంగుళాలు, సీటు ఎత్తు 18; ఆ లెక్క కుదిరితేనే ముద్ద నోటికి తిన్నగా వెళ్తుంది. సీటు మూడు అంగుళాలు కుంగితే బల్ల ఛాతీకి తగులుతుంది. పైగా స్ప్రింగు ఇమడాలంటే సీటు లోతు పెరగాలి, లోతు పెరిగితే కుర్చీ మోటుగా తయారవుతుంది. మంచి పనివాళ్లు భోజనాల కుర్చీకి పల్చటి వెంట్రుక మెత్తనే కొనసాగించడానికి కారణం ఛాందసం కాదు.

ఫోము గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1929లో డన్‌లప్ రబ్బరు ఫోమును కనిపెట్టింది, 1937లో జర్మనీలో ఓటో బాయర్ పాలియురెథేన్ రసాయనాన్ని సాధించాడు, 1950ల తర్వాత అది లోకాన్ని కప్పేసింది. చవక, పని సులువు. 1979లో మాంచెస్టర్ వూల్‌వర్త్స్ దుకాణంలో ఫోము ఫర్నిచరు అంటుకుని 10 మంది చనిపోయాక దాని ప్రమాదమూ తెలిసింది. 1988లో బ్రిటన్ గట్టి అగ్ని నిబంధనలు తెచ్చింది. ఇంతకూ ఫోము కూడా కొన్నేళ్లకు కుంగి, పొడిగా రాలిపోయేదే. దాన్ని మార్చక తప్పదు కాబట్టి ఊడివచ్చే సీటు అవసరం పెరిగిందే గాని తగ్గలేదు. ఆ సీటుకు ఒక లోపం ఉంది, దాచకూడదు: పాతబట్ట తీయకుండా దాని మీదే కొత్తది కప్పితే చట్రం లావెక్కి గాడిలో ఇరుక్కుంటుంది, బలవంతంగా దిగ్గొడితే కుర్చీ జాయింట్లు విడిపోతాయి. చాలా పాత కుర్చీలు అలాగే పాడయ్యాయి. అయితే అది మరమ్మతు చేసినవాడి తొందరపాటు. బట్ట మందానికి చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు వదిలితే ఆ ముప్పు రాదు.

మన ఊళ్లలో టేకుతో కుర్చీలు చేయించుకుంటే ప్లైవుడ్ ముక్క మీద స్పాంజి పెట్టి, రెగ్జిన్ లాగి కొట్టి ఇస్తారు. కొందరు దాన్ని అడుగునుంచి స్క్రూలతో బిగిస్తారు, కొందరు జిగురు పెట్టి మేకులు దిగ్గొడతారు. మొదటి రకానికి సీటు పాడైతే నాలుగు స్క్రూలు విప్పి సీటు ఒక్కటే కుషన్ వర్క్స్‌కు పంపవచ్చు. రెండో రకానికి టేకు ఎంత మంచిదైనా మెత్తతో పాటే కుర్చీ మూలపడుతుంది. కుర్చీలు చేయించుకునేవారు స్క్రూల సీటే అడగండి. ప్రతి సీటు అడుగునా, దాని కుర్చీకీ ఒకే అంకె వేయమనండి. బట్ట మార్చేటప్పుడు పాతది పూర్తిగా తీయించండి. ఈ మాటలు కర్ర కోయకముందే వడ్రంగితో చెప్పండి. పాలిష్ అయ్యాక చెప్పి లాభం లేదు.