ఉక్కు ఊళ్ళో కొవ్వు లెక్క

భిలాయి అనగానే మనకు ఉక్కూ, రైలు పట్టాలూ గుర్తొస్తాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచీ జనం పనికోసం తరలివచ్చారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు వారికి 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలుమార్గం ఉండనే ఉంది. ఆ మొదటి తరం వారి పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు.

మా వీధిలో కోక్ ఓవెన్‌లో పనిచేసి రిటైరైన తెలుగాయన ఒకరున్నారు. పదిహేనేళ్ళుగా షుగరు. ఒకరోజు రక్తపరీక్ష కాగితం పట్టుకొచ్చి, "మాస్టారూ, కొలెస్టరాల్ 182 ఉంది, పక్కనే నార్మల్ అని అచ్చువేశారు. మరి డాక్టరుగారు మాత్ర ఎందుకు రాసినట్టు?" అని అడిగారు. మంచి ప్రశ్న. జవాబు కోసం వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1913లో రష్యాలో అనిచ్‌కోవ్ కుందేళ్ళకు కొలెస్టరాల్ తినిపించి, వాటి ధమనుల గోడల్లో కొవ్వు పేరుకోవడం చూపాడు. గడ్డి తినే జంతువు సంగతి మనిషికెలా వర్తిస్తుందని చాలామంది పట్టించుకోలేదు. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హాం పట్టణంలో 5,209 మందిని ఏళ్ళ తరబడి గమనించడం మొదలుపెట్టాకే, కొలెస్టరాల్ పెరిగితే గుండెపోటు ముప్పు పెరుగుతుందన్న మాట బలపడింది. 1973లో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో, వేలాది బూజులను జల్లెడపట్టి, కొలెస్టరాల్ తయారీని అడ్డుకునే పదార్థాన్ని పట్టుకున్నాడు. స్టాటిన్ మందుల కథ అక్కడ మొదలైంది. 1994లో 4,444 మంది హృద్రోగులపై స్కాండినేవియా దేశాల్లో జరిగిన పరీక్షలో సిమ్వాస్టాటిన్ మరణాలను 30 శాతం తగ్గించింది.

అయితే అప్పటిదాకా చూపంతా ఎక్కువగా ఉన్న అంకె మీదే. 1998లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఒక పరిశోధన అందర్నీ ఉలిక్కిపడేలా చేసింది. ఎన్నడూ గుండెపోటు రాని మధుమేహులకూ, షుగరు లేకుండా ఒకసారి గుండెపోటు వచ్చినవారికీ ముందున్న ముప్పు దాదాపు సమానమని అది తేల్చింది. ఇది మధుమేహులందరికీ ఒకే మోతాదులో వర్తించదని తర్వాతి పరిశోధనలు సవరించాయి. కానీ హెచ్చరిక మిగిలింది. 2002లో బ్రిటన్‌లో 20,536 మందిపై జరిగిన పరీక్షలో మొత్తం కొలెస్టరాల్ 135 ఉన్నవారిని కూడా చేర్చుకున్నారు. హృద్రోగులూ, దాదాపు ఆరువేల మంది మధుమేహులూ అందులో ఉన్నారు. మొదటి అంకె ఎంతున్నా, గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు నాలుగో వంతు తగ్గాయి.

ఎందుకిలా? ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు కాలేయం కొవ్వు కణాలను అతిగా రక్తంలోకి వదులుతుంది. ట్రైగ్లిసరైడ్లు పెరుగుతాయి, మేలు చేసే హెచ్‌డీఎల్ తగ్గుతుంది, ఎల్‌డీఎల్ కణాలు చిన్నవై, సంఖ్యలో ఎక్కువవుతాయి. సంచులు చిన్నవైతే అదే బియ్యానికి ఎక్కువ సంచులు కావాలి కదా! మొత్తం బియ్యం తూకం మామూలుగానే ఉంటుంది. కాగితం మీద కనబడేది ఆ తూకమే. ధమని గోడలోకి దూరేవి సంచులు.

ఇక మన సంగతి. 2003–04లో గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో మరణాల కారణాలు ఆరా తీస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. పల్లెలో ఈ జబ్బులేమిటనుకునే రోజుల్లో అది పెద్ద కబురు. భారత వైద్య పరిశోధనా మండలి 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో 11.4 శాతం మందికి మధుమేహం, 24 శాతం మందికి అధిక కొలెస్టరాల్ ఉన్నాయి. 2024లో మన హృద్రోగ నిపుణుల సంఘం మధుమేహులకు ఎల్‌డీఎల్ 70 లోపు, గుండెపోటు వచ్చినవారికి 55 లోపు ఉండాలని మార్గదర్శకాలిచ్చింది. కానీ 2011లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, మన దేశంతో సహా తక్కువ ఆదాయ దేశాల్లో, గుండెపోటో పక్షవాతమో వచ్చినవారిలో స్టాటిన్ వాడుతున్నవారు 3.3 శాతమే. మాత్ర కనుగొనడానికి అరవై ఏళ్ళు పట్టింది సరే, చేతి నుంచి నోటికి చేరడానికి ఇంకెన్నాళ్ళో!

మా పొరుగాయనకు ఈ సంచుల సంగతి చెప్పాను. అర్థమైందన్నారు. మొన్న కనబడితే మాత్ర వేసుకుంటున్నారా అని అడిగాను. "ఆఁ, తప్పకుండా" అన్నారు. పక్కనే ఉన్న వాళ్ళావిడ నెమ్మదిగా, "అయిపోయి వారమైంది అన్నయ్యగారూ" అన్నారు.