మొక్కజొన్నతోబాటు మనకు రాని కథ



ఈ పూట ఎరువుల మోతాదులను గురించి గాని, పురుగుమందులను గురించి గాని చెప్పబోవడం లేదు. మన పొలాలలో ఏళ్ళ తరబడి పండుతున్న ఒక పైరు పుట్టుపూర్వోత్తరాలను చెప్పుకుందాం. ఆ పైరు మొక్కజొన్న. పాత కథ మనకెందుకు అంటారేమో! ఆ కథ తెలియక లక్షలమంది జబ్బుపడ్డారు, వేలకొలది జనం చచ్చిపోయారు. అందుచేత వినదగిన కథే.

మొక్కజొన్న మన దేశపు పైరు కాదు. అమెరికా ఖండంలో పుట్టింది. ఆ మాటకొస్తే మన వంటింట్లో సగం అక్కడిదే. మిరప, వేరుశనగ, టమాటా, బంగాళాదుంప అక్కడివే. జామ, సీతాఫలం, బొప్పాయి, జీడిమామిడి, పొగాకు కూడా అక్కడినుంచి వచ్చినవే. 1492 లో కొలంబసు ఆ ఖండం చేరిన తరువాత, పోర్చుగీసువారి ఓడలలో ఈ గింజలూ కాయలూ ఒక్కొక్కటిగా మన రేవులకు దిగినవి. కొలంబసు తాను ఇండియాకే చేరాననుకొని అక్కడి జనాన్ని ఇండియన్లు అన్నాడు. ఆ పొరపాటు పేరు వారికి అంటుకుపోయింది. నిజానికి వారు ఒక్క జాతివారు కారు. వందలాది జాతులు, వందలాది భాషలు.

ఇక మొక్కజొన్నను చేసినదెవరు? చేసినదెవరు అని కావాలనే అంటున్నాను. సుమారు 9,000 సంవత్సరాల క్రిందట మెక్సికో దేశంలో బల్సాస్ నది లోయలో టియోసింటే అనే గడ్డి జాతి మొక్క ఉండేది. ఇప్పటికీ ఉన్నది. దాని వెన్ను చిటికెన వేలంత. అందులో పదో పన్నెండో గింజలు. గింజ గింజకూ రాయివంటి పెంకు. అక్కడి రైతులు తరతరాలుగా మంచి గింజను ఏరి, దాచి, నాటి, మళ్ళీ ఏరి, ఆ గడ్డిని నేటి కండెగా మార్చినారు. కండెను పొత్తులో చుట్టిపెట్టి ఉంచే ఈ పైరు తన గింజను తాను రాల్చుకోలేదు. మనిషి వలిచి నాటకపోతే మొక్కజొన్న జాతే మిగలదు. మనిషికి అది ఎంత అవసరమో దానికి మనిషి అంత అవసరం.

అంతటి వ్యవసాయ విద్యను తండ్రులు బిడ్డలకు, అంతకంటె ఎక్కువగా తల్లులు కూతుళ్ళకు అందించినది కథల ద్వారా, పాటల ద్వారా. మెక్సికో దక్షిణ భాగంలోను, దానికి దక్షిణాన ఉన్న ప్రాంతాలలోను నివసించే మాయా జాతివారికి లిపి ఉండేది, పుస్తకాలూ ఉండేవి. 1562 లో మని అనే ఊరిలో దియేగో ద లాండా అనే క్రైస్తవ సన్యాసి ఆ పుస్తకాలను పోగుచేయించి కాల్పించాడు. అయినా వారి కథలు చావలేదు. కిచే మాయా వారి పోపోల్ వూ అనే గ్రంథం జనం నోట నిలిచి, తరువాత స్పానిష్ అక్షరాలలోకి ఎక్కి మిగిలింది. అందులో దేవతలు మనిషిని మొదట మట్టితో చేస్తారు; అది కరిగిపోతుంది. కొయ్యతో చేస్తారు; దానికి మనసు లేదు. చివరకు పచ్చ మొక్కజొన్న, తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తే మనిషి నిలబడ్డాడు. తిండి గింజకూ మన ఒంటికీ ఉన్న చుట్టరికాన్ని ఇంతకంటె సూటిగా చెప్పడం కష్టం.

ఇప్పుడు ఉత్తరానికి పోదాం. నేటి న్యూయార్కు రాష్ట్రంలో హోడెనోషోనీ అనే జాతులవారు ఉన్నారు. పొడుగింటివారు అని ఆ పేరుకు అర్థం. తెల్లవారు వీరిని ఇరోక్వాయిలు అన్నారు. మొహాక్, ఒనైడా, ఒనాండగా, కయూగా, సెనెకా అనే అయిదు జాతులు ఒక కూటమిగా కలిసినవి. 1722 లో టస్కరోరా జాతివారు చేరి ఆరుగురైనారు. వీరిలో పొలం ఆడవారిది. అడవి కొట్టి నేల చదును చేసేవరకే మగవారి పని. విత్తనం, నాటు, కలుపు, కోత, నిలవ అన్నీ ఆడవారి చేతిమీదనే జరిగేవి. పెద్దలను ఎన్నుకొనే అధికారమూ ఇంటి పెద్ద ముత్తైదువలదే.

వీరు చెప్పుకొనే కథ ఒకటి వినండి. చెప్పేవారిని బట్టి తీరులు మారుతుంటాయి. ఒక తీరు ఇది. పూర్వం పైన ఆకాశ లోకం, క్రింద అంతా నీరు. ఆకాశం నుంచి నిండు చూలాలు ఒకామె జారిపడింది. నీటి పక్షులు రెక్కలు పరచి ఆమెను అందుకొన్నవి. తాబేలు తన వీపు ఇచ్చింది. ఒక చిన్న నీటి జంతువు నీటి అడుగుకు మునిగి పిడికెడు మట్టి తెచ్చింది. తాబేటి వీపుమీద ఆ మట్టి పరచుకొని నేల అయింది. ఆమెకు కూతురు పుట్టింది. ఆ కూతురు కవల పిల్లలను కని కన్నుమూసింది. ఆమెను పాతిపెట్టిన చోట మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మొలిచినవి. తల్లి పోతూ పోతూ కూడా బిడ్డలకు తిండి పెట్టి పోయిందన్నమాట.

ఈ మూడు పైర్లను వారు ముగ్గురు అక్కచెల్లెండ్రు అంటారు. వారిని విడదీయరాదు, కలిసి నాటాలి అని కట్టడి. కథ కాస్తా సేద్యపు పద్ధతి అయింది చూడండి. నేలను చిన్న చిన్న మట్టి దిబ్బలుగా చేస్తారు. దిబ్బమీద ముందు మొక్కజొన్న పెడతారు. అది జానెడు ఎదిగిన తరువాత చుట్టూ చిక్కుడు గింజలు, పక్కన గుమ్మడి. మొక్కజొన్న కర్ర చిక్కుడు తీగకు పందిరి. చిక్కుడు వేళ్ళ బుడిపెలలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. దానిలో ఎక్కువ భాగం చిక్కుడే వాడుకొన్నా, వేళ్ళూ ఆకులూ నేలలో కుళ్ళినప్పుడు తరువాతి పైరుకు బలం అందుతుంది. గుమ్మడి ఆకులు నేలను కప్పి తడి ఆరనీయవు, కలుపును లేవనీయవు. దాని కాడల ముళ్ళ నూగు చూసి జంతువులు వెనుదీస్తాయి. మన తెలంగాణ పల్లెలలో జొన్నలో కంది సాలు వేసిన పెద్దలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

వారి కథలకు ఒక కాలం ఉండేది. చలికాలంలో, మంచు పడి పొలం పనులు లేనప్పుడే కథలు చెప్పాలి; వేసంగిలో చెప్పరాదు అని నియమం. పని రోజుల్లో కథ పెడితే మనుషులే కాదు, జంతువులు కూడా పని మరచి వింటాయట. నలుగురు కూడినప్పుడల్లా మొదట నేలకు, నీటికి, పైర్లకు, పక్షులకు, సూర్యచంద్రులకు వరుసగా కృతజ్ఞత చెప్పుకొని గాని మాట మొదలుపెట్టరు. ఆ ఆచారం నేటికీ నడుస్తున్నది.

ఈ విద్య ఎంత పండించిందో పగవారి లెక్కలవల్లనే తెలుస్తుంది. 1779 లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం జరుగుతుండగా, జార్జి వాషింగ్టన్ ఆజ్ఞమీద జనరల్ సలివాన్ సేనతో వీరి దేశంలోకి వెళ్ళాడు. 40 ఊళ్ళు కాల్చామని, 1,60,000 బుషెళ్ళ మొక్కజొన్న నాశనం చేశామని తన నివేదికలో వ్రాసుకొన్నాడు. పండ్లతోటలు కూడా నరికించాడు. ఆ చలికాలంలో నిరాశ్రయులైన జనం నయాగరా కోట చుట్టూ చేరి ఆకలికీ మంచుకూ చచ్చారు. కొట్టినది తిండినే గాని, అక్కచెల్లెండ్ర కథను కొట్టలేకపోయారు. 1910 లో సెనెకా వంశానికి చెందిన ఆర్థర్ పార్కర్ అనే పండితుడు తమవారి మొక్కజొన్న వాడకాలమీద ఒక గ్రంథమే ప్రకటించాడు.

పడమరన మిస్సోరీ నది ఒడ్డున హిడాట్సా జాతివారున్నారు. వారిలో బఫెలో బర్డ్ ఉమన్ అనే రైతమ్మ సుమారు 1839 లో పుట్టింది. ఆమె తన సేద్యం అంతా పూసగుచ్చినట్లు చెప్పగా, కొడుకు గుడ్‌బర్డ్ ఇంగ్లీషులోకి చెప్పాడు. గిల్బర్ట్ విల్సన్ అనే ఆయన వ్రాసుకొన్నాడు. 1917 లో అది అచ్చయింది. చదివితే మన ఊరి ముసలమ్మ చెప్పినట్లే ఉంటుంది. పొలంలో మంచె వేసి, ఆడపిల్లలు దానిమీద కూర్చుని పిట్టలను తోలుతూ పైరుకు పాటలు పాడేవారట. తల్లి పసిబిడ్డకు పాడినట్లు పాడితే పైరు సంతోషించి పెరుగుతుందని వారి నమ్మకం. గింజను నేలలో పాతర వేసేవారు. పాతర మూతి ఇరుకు, కడుపు వెడల్పు, దిగడానికి నిచ్చెన కావలసినంత లోతు, చుట్టూ ఎండుగడ్డి. మన జొన్న పాతరకు తోబుట్టువే.

విత్తనం విషయంలో ఆమె మాటలు రెండు గమనించదగినవి. ఒకటి, ఒక్క ఏటికి కాక రెండేళ్ళకు సరిపడే విత్తనం ఎత్తి ఉంచడం. ఒక ఏడు మంచు దెబ్బ తగిలినా మరుసటి ఏటికి విత్తు ఉంటుంది. రెండు, వేర్వేరు రకాలను ఎడంగా నాటడం. మొక్కజొన్న ఒక చేనినుంచి ఇంకొక చేనికి ప్రయాణం చేస్తుందని వారి భావన. పుప్పొడి గాలికి ఎగిరి పక్క చేనిలో కలుస్తుందని మన శాస్త్రం చెప్పేది అదే గదా! మాట వేరు, చూపు ఒకటే.

ఆ తల్లులు సేద్యం చేసిన ఏటి ఒడ్డు నేలలు ఇప్పుడు లేవు. మిస్సోరీమీద గారిసన్ ఆనకట్ట కట్టగా, 1953 నుంచి నీరు నిలిచి హిడాట్సా, మండన్, అరికరా జాతుల భూములు లక్షన్నర ఎకరాలకు పైగా మునిగినవి. 1948 లో ఆ ఒప్పందంమీద సంతకాలు జరుగుతున్నప్పుడు వారి మండలి అధ్యక్షుడు జార్జి జిల్లెట్ ముఖం చేతితో కప్పుకొని ఏడ్చిన ఫోటో ఉన్నది. మెరక నేలకు తరలినవారికి ఆ ఒండ్రు దొరకలేదు. ఆనకట్టల క్రింద పండించుకుంటున్న మనం, ఆనకట్ట పైన మునిగినవారిని కూడా తలచుకోవాలి.

ఇక మొదట చెప్పిన చావుల సంగతి. అమెరికా మూలవాసులు మొక్కజొన్నను ఉత్తనే ఉడికించి తినేవారు కారు. మెక్సికోలోను, మాయా దేశంలోను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బేవారు. హోడెనోషోనీ ఆడవారు కట్టె బూడిద నీటిలో ఉడికించేవారు. పొట్టు ఊడిపోవడానికే అని తెల్లవారు అనుకొన్నారు. గింజను తీసుకుపోయారు, సున్నాన్ని అక్కడే వదిలేశారు. గింజ స్పెయిన్‌లో, ఇటలీలో పేదల తిండి అయింది. 1735 లో గాస్పార్ కసాల్ అనే స్పెయిన్ వైద్యుడు ఆ పేదలలో ఒక కొత్త జబ్బును గుర్తించాడు. ఎండ తగిలిన చర్మం మాడి పెచ్చులూడుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చలిస్తుంది, చివరకు చావు. ఇటలీలో దానికి పెల్లాగ్రా అని పేరు వచ్చింది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఇరవయ్యో శతాబ్దం మొదటి నాలుగు దశాబ్దాలలో ముప్ఫయి లక్షలమందికి ఈ జబ్బు వచ్చిందని, లక్షమంది చనిపోయారని అంచనా. 1914 నుంచి జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు ఇది అంటువ్యాధి కాదు, తిండి లోపం అని రుజువు చేస్తూ వచ్చాడు. 1937 లో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ ఆ లోపించిన పదార్థం నయాసిన్ అనే విటమిను అని తేల్చాడు. మొక్కజొన్నలో నయాసిన్ ఉన్నది గాని, బంధింపబడి ఉన్నది. సున్నమో బూడిదో కలిసిన నీరు ఆ కట్లు విప్పుతుంది. చిక్కుడు గింజ మిగిలిన మాంసకృత్తుల లోటు తీరుస్తుంది. అక్కచెల్లెండ్రను విడదీయరాదన్న మాటకు అర్థం ఇదీ!

మనకూ ఈ జబ్బు కొత్త కాదు. జొన్న ఒక్కటే తిని బ్రతికే తెలంగాణ పేదలలో పెల్లాగ్రా కనబడగా, హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయంలో గోపాలన్, శ్రీకంఠయ్య గార్లు పరిశోధించి 1960 లో వివరం ప్రకటించారు. కాబట్టి గింజ ఏదైనా, పక్కన పప్పు ఉండాలి సుమా!

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఊరికి వెళ్ళినప్పుడు మనం చెప్పేది చెబుతాం. ఆ ఊరి ముసలమ్మలు ఎందుకు అలా నానబెడతారో, ఏ గింజకు బూడిద పూస్తారో, ఏది దేనితో కలిపి చల్లుతారో అడిగి వ్రాసుకోవాలి. కారణం ఇప్పుడే తెలియకపోయినా తోసివేయరాదు. సున్నపు నీటికి కారణం తెలియడానికి నాలుగు వందల ఏళ్ళు పట్టింది గదా! రైతులకు ఒక జాగ్రత్త: విత్తనం ఎత్తుకొనేది సొంత దేశవాళీ రకాల నుంచే. సంకరజాతి చేనిలో గింజ ఏరి మళ్ళీ నాటితే దిగుబడి పడిపోతుంది.

హోడెనోషోనీలూ, హిడాట్సాలూ పాతకాలంలో కలిసిపోయిన జనం కారు. ఈనాటికీ ఉన్నారు. మ్యూజియములలో, విత్తన భాండాగారాలలో చేరిపోయిన తమ పూర్వపు గింజలను తిరిగి తెచ్చుకొని నాటుకొంటున్న కుటుంబాలు వారిలో ఉన్నవి. గింజతోబాటు కథ కూడా బిడ్డలకు చెబుతున్నారు. మీ ఇంట కూడా పప్పు ధాన్యపు చిక్కమో, పాత విత్తనపు కుండో ఉంటే, దాని కథ తెలిసిన పెద్దవారిని ఈ చలికాలంలోనే కూర్చోబెట్టి అడగండి. వారు చెబుతుండగా పిల్లలను పక్కన ఉంచండి.